గట్టిగా తొక్కితే తడబడే బండి

నెలిదా బొర్గరెల్లోకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గిపోతుంది. ఎదుటివాళ్లు వంగి వినాల్సినంత చిన్నగా మాట్లాడుతుంది. ఆమె అలా మొదలుపెట్టిందంటే మా సాన్ గ్రాతో ఊళ్లో మగవాళ్లు కూడా బేరం మానేసి బుద్ధిగా నిలబడేవారు. వాళ్ల వర్క్‌షాపుకి ఎదురుగానే మా బేకరీ. నా పేరు ఎల్దా. ఇద్దరం బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఒకే ఏడు చదువు మానేశాం. ఆమె తండ్రి దగ్గరికి గ్రీజు పూసుకోవడానికి వెళ్లింది, నేను మా అమ్మ దగ్గరికి పిండి పూసుకోవడానికి వచ్చాను.

వాళ్ల నాన్న దోన్ బత్తిస్తా మంచి మెకానిక్. కాని కార్బొరేటర్ దగ్గరికి వచ్చేసరికి కూతురినే పిలిచేవాడు. ఇంజను నడుస్తుంటే నెలిదా కళ్లు మూసుకుని బానెట్ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడేది. "మూడో సిలిండరుకి పెట్రోలు చాలడం లేదు నాన్నా" అనేది. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆయన ఎప్పుడూ మెచ్చుకోలేదు. అయితే ఆమె కోసం సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఒకటి రొసారియో నగరం నుంచి తెప్పించి, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మెచ్చుకోలు అంటే ఆ ఇంట్లో అదే.

తమ్ముడు ఇతలో బండి తోలేవాడు. తోలడం అంటే మామూలుగా కాదు. మా ఊరి చుట్టూ మట్టిరోడ్ల మీద వసంతంలో జరిగే పందెం కోసం ఏడాదంతా బతికేవాడు. వాళ్ల బండి రెండే సీట్ల స్పోర్ట్స్ కారు, ముక్కు కిందికి వాలి ఉండేది. ఎవరో గుద్ది పారేసిన దాన్ని తండ్రీ కూతుళ్లు ఎముకలు కూర్చినట్టు కూర్చారు. నీలం రంగు వేశారు. ఆ పిట్టలాగే నేలకి ఆనుకుని దూసుకుపోతుందని ఊరంతా దాన్ని వానకోయిల అని పిలిచేవారు.

ఆ బండి మీద ఒస్వాల్దో రెవిల్యోకి కన్ను ఉండేది. ట్రాక్టర్ల షాపు వాళ్ల అబ్బాయి. ఖరీదైన బండి, ఖరీదైన బూట్లు, తోలడం కూడా వచ్చు. కాని ఇతలో ఉన్న పందెంలో అతను రెండోవాడే. రెండుసార్లు వచ్చి బండి అమ్మమని దోన్ బత్తిస్తాని అడిగాడు. రెండోసారి ఆయన, "ఇది అమ్మేది కాదు బాబూ, నీకు కావాల్సింది బండి కాదు కూడా" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఒస్వాల్దో కూడా నవ్వాడు. నవ్వి ఊరుకునే మనిషి కాదని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు పందెం ముందు రోజు సాయంత్రం అతను వర్ముత్ వైను సీసా, కోసుకు తినే సలామీ మాంసం పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చాడు. "గెలిచినా ఓడినా ఒకే ఊరివాళ్లం కదా దోన్ బత్తిస్తా, ఒక గ్లాసు తాగుదాం" అన్నాడు. గ్లాసుల కోసం నెలిదా, కత్తి కోసం ముసలాయన ఇంట్లోకి వెళ్లారు. ఇతలో చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఒస్వాల్దో వానకోయిల వెనక చక్రం మీది రెక్కపై చెయ్యి వేసి నిమురుతున్నాడు. "ఎంత అందంగా ఉందో" అన్నాడు. అందరూ తాగారు. ఆ సాయంత్రం అంతే.

మర్నాడు పందెంలో సగం దాకా ఇతలోకి అడ్డే లేదు. తరవాత బండి అక్కడక్కడా మిస్ కొట్టడం మొదలుపెట్టింది. ఒస్వాల్దో ముందుకి వెళ్లిపోయాడు. ఆఖరి చుట్టులో ధాన్యం గోదాము పక్కన ఉన్న తిన్నటి రోడ్డు మీద ఇతలో అతన్ని దాటడానికి పక్కకి తీసి యాక్సిలరేటర్ నేలకి అంటేదాకా తొక్కాడు. నేను గోదాము ఎదురుగానే ఉన్నాను, చూశాను. బండి ముందుకి దూకాల్సిన చోట దగ్గింది. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు ఆగింది. వెనక వస్తున్న కారు దుమ్ములో చూసుకోలేదు. గుద్దింది. వానకోయిల కాలువలోకి పల్టీలు కొట్టింది.

ఇతలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

పందెం నడిపే క్లబ్బు వాళ్లు బండిని చూశారు. చూడటం అంటే కార్బొరేటర్ విప్పారు. అందులో పెట్రోలు వదిలే జెట్టు ఒకటి సన్నగా ఉందని, పికప్ ఇచ్చినప్పుడు ఇంజనుకి పెట్రోలు చాలక ఆగిందని చెప్పారు. చూసినవాళ్లలో మా ఊరి ఇంకో మెకానిక్ క్వాలియా కూడా ఉన్నాడు. అతనూ ఔనని తల ఊపాడు. ఆ మాట క్లబ్బు బార్‌లోకి వచ్చేసరికి ఒస్వాల్దో దానికి తోక తగిలించాడు.

"పాపం, నెలిదాని అనుకుని ఏం లాభం? ఆడపిల్ల చేతికి కార్బొరేటర్ ఇచ్చినవాణ్ణి అనాలి గాని."

దోన్ బత్తిస్తా కూతుర్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పందెం తరవాతి వారం ఆమె బల్ల మీది సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు తీసి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. వానకోయిలని వెనక షెడ్డులోకి తోయించి టార్పాలిన్ కప్పి, దాన్ని ఎవరూ తియ్యకూడదన్నాడు. నెలిదా చీజ్ ఫ్యాక్టరీలో పాల క్యాన్లు కడిగే పనిలో చేరింది. ఉదయం మా బేకరీ ముందు నుంచే వెళ్లేది. చేతులు క్యాన్లు కడిగే సోడా నీళ్లకి పగిలి ఎర్రగా ఉండేవి. పెళ్లి మాటలు నడుస్తున్న కుర్రాడు మెల్లగా రావడం మానేశాడు. ఊళ్లో బండి ఎక్కడ ఆగినా, "నెలిదా ముట్టుకుందా ఏంటి?" అని నవ్వుకునేవారు. ఆ హాస్యం చాలా ఏళ్లు బతికింది. చిన్నపిల్లలకి అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు, అయినా అనేవారు.

తండ్రి పోయేముందు మంచం పక్కన కూర్చున్న కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అన్న మాట ఆమె నాకు ఒక్కసారే చెప్పింది.

"నీ తప్పు లేదమ్మా. నీకు అప్పగించడమే నా తప్పు."

"చూశావా ఎల్దా," అంది నాతో, "క్షమించి పోయాడు. చెయ్యని పనికి క్షమించి పోయాడు. నేను జవాబు చెప్పేలోపే కళ్లు మూశాడు."

తండ్రి సంవత్సరీకం పూజ చర్చిలో అయ్యాక ఆమె ఫ్యాక్టరీ పని మానేసింది. బీరువా తాళం పగలగొట్టింది. వర్క్‌షాపు తలుపులు తెరిచి, ముందు మా బేకరీ వ్యాను బాగుచేసింది. మెల్లగా పని వచ్చింది. ఊరివాళ్లు కాదు, పక్క ఊళ్లవాళ్లు తెచ్చేవారు. పనిలేని రోజుల్లో షెడ్డులో టార్పాలిన్ తీసి వానకోయిల పనికి కూర్చునేది. వంగిన ఛాసిస్ సరిచేయించింది, రేకు కొట్టింది, ఇంజను మొత్తం విప్పి కట్టింది. ఏళ్లు పట్టింది. ఇతలో అప్పటికి ఊరి చివర తేనెటీగల పెట్టెలు పెట్టుకుని బతుకుతున్నాడు. చెక్కకాలు తగిలించుకుని వచ్చి ఆమె పని చూసి, "ఎందుకక్కా ఇదంతా?" అనేవాడు. ఆమె పాత కార్బొరేటర్‌ని వేలితో చూపించేది. "దీన్ని విడిగా పెట్టా. వేరేది కొత్తది వేస్తున్నా. చూద్దాం."

బండి లేచింది. నెమ్మదిగా తోలితే పిల్లిలా వెళ్లింది. ఒక రోజు మధ్యాహ్నం గోదాము పక్క తిన్నటి రోడ్డు మీదికి తీసుకెళ్లి గట్టిగా తొక్కింది.

దగ్గింది. అదే దగ్గు.

తిరిగి వచ్చి బేకరీ ముందు బండి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను బయటికి వెళ్లాను. భయపడ్డాను. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఎల్దా, కార్బొరేటర్ కొత్తది. జెట్లు కొత్తవి. జబ్బు మాత్రం పాతదే. అర్థమైందా?"

"ఏమర్థమవ్వాలే?"

"అప్పుడూ కార్బొరేటర్ కాదని."

అప్పటి నుంచి ఆమె పని చేసిన తీరు నేను రోజూ చూశాను. ఆమెకి తొందర లేదు. ఒకటి మార్చి, రోడ్డు మీదికి తీసుకెళ్లి, గట్టిగా తొక్కి చూసి, తిరిగి వచ్చి ఇంకొకటి. ఒకేసారి రెండు మార్చేది కాదు. ప్లగ్గులు మార్చింది, పాయింట్లు మార్చింది, కాయిల్ మార్చింది. దగ్గు పోలేదు. ప్లగ్గుల మంట సంగతి తేలిపోయింది, ఇక పెట్రోలు సంగతి అంది. పెట్రోలు లాగే పంపు మార్చింది. పోలేదు. ఒక రోజు ట్యాంకు నిండుగా పోయించుకుని తొక్కితే బండి తుపాకీ గుండులా వెళ్లింది. సంతోషించాను. సగం ఖాళీ అయ్యాక మళ్లీ దగ్గింది. నేను నీరసపడిపోయాను. ఆమె మాత్రం ఆ రోజు రెండు ప్లేట్లు భోజనం చేసింది.

మర్నాడు బానెట్ లోపల ఒక డబ్బా కట్టి, అందులో పెట్రోలు పోసి, ట్యాంకుతో సంబంధం లేకుండా నేరుగా పంపుకి కలిపింది. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టింది. గోదాము దగ్గర తొక్కింది. నా తల సీటుకి కొట్టుకుంది. దగ్గు లేదు, తడబాటు లేదు. బండి అరుస్తూ పోయింది. నేనూ అరిచాను.

"ట్యాంకులో ఉంది," అంది.

కింద నట్టు విప్పి ట్యాంకు ఖాళీ చేస్తే పెట్రోలు తప్ప ఏమీ రాలేదు. ఇనప తీగ చివర వంచి, పెట్రోలు పోసే మూతిలోంచి లోపలికి దింపి, మెల్లగా, పాలమీద మీగడ తీసినట్టు తిప్పింది. తీగకి ఏదో తగులుకుంది. పైకి లాగింది. అరచెయ్యంత నైలాన్ గుడ్డ. బూడిదరంగు, రెయిన్‌కోటు లోపలి అస్తరు లాంటిది. కత్తెరతో కోసిన అంచులు.

నాకు బోధపడేలా ఒక గిన్నెలో నీళ్లు పోసి, గుడ్డ వేసి, గొట్టంతో పీల్చి చూపించింది. మెల్లగా పీలిస్తే గుడ్డ తన దారిన తేలుతోంది. గట్టిగా పీలిస్తే వచ్చి గొట్టం మూతికి అతుక్కుంటోంది. పీల్చడం ఆపగానే ఊడి కిందికి జారుతోంది. ట్యాంకు నిండుగా ఉంటే గొట్టం దాకా రాదు. పెట్రోలు తగ్గినకొద్దీ దగ్గరికి వస్తుంది. ఇంజను ఆగాక ఎవరు చూసినా పైపులన్నీ శుభ్రంగా ఉంటాయి.

"ఇది దానంతటది పడింది కాదు," అన్నాను.

"ఆ సాయంత్రం వర్ముత్ తెచ్చాడు," అంది. అంత చిన్నగా అందంటే నేను పెదాలు చూసి తెలుసుకున్నాను.

"పోలీసులకి చెప్పు."

"ఏం చెప్పను? ట్యాంకులో గుడ్డ దొరికిందనా? దాని మీద వాడి పేరుందా? నువ్వే వేసుకున్నావని నన్నే అంటాడు. ఊరు నమ్ముతుంది కూడా. నమ్మడం అలవాటైంది వాళ్లకి." గుడ్డని మడిచి యాప్రన్ జేబులో పెట్టుకుంది. "వాడే చెప్పాలి ఎల్దా. వాడి నోటితో. అందరూ వింటుండగా."

అప్పటికి ఒస్వాల్దో క్లబ్బు ప్రెసిడెంటు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ప్రతి వసంతంలో పాత పందెపు బండ్ల ప్రదర్శన పెట్టి, మైకులో గత వైభవం గురించి మాట్లాడేవాడు. ఇతలో కనిపిస్తే భుజం తట్టి, "మా ఊరి గొప్ప డ్రైవరు, దురదృష్టవంతుడు" అనేవాడు. అది విన్నప్పుడల్లా నెలిదా చేతిలో ఏముంటే అది కింద పెట్టేసేది.

ఆ ఏడు ప్రదర్శనకి ఆమె వానకోయిలని తెస్తానని కబురు చేసింది. ముందు ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు గొట్టం మార్చింది. పైకి కొత్తదానిలా కనిపించే, లోపల మెత్తబడిపోయిన గొట్టం ఒకటి వెతికి వేసింది. గట్టిగా లాగితే లోపలే ముడుచుకుపోతుంది, వదిలితే విచ్చుకుంటుంది. "పాత జబ్బే, కొత్త చోట," అంది నాతో. గుడ్డ మాత్రం ఆమె జేబులో ఉంది.

ఆదివారం మధ్యాహ్నం, క్లబ్బు మైదానంలో మాంసం కాలుతోంది, ఊరంతా అక్కడే ఉంది. మైకు పట్టుకునే తీతో బిగ్గరగా అన్నాడు. "ఇదిగో మన వానకోయిల! నెలిదా ఏదో చెబుతుందట, వినండి."

నెలిదా మైకు అందుకుంది.

"బండి లేచింది గాని పాత జబ్బు పోలేదు. గట్టిగా తొక్కితే తడబడుతోంది. నా వల్ల కాలేదు. ఇక్కడ మీలో ఎవరు బాగుచేస్తే బండి వాళ్లది. మా తమ్ముడు కూడా సరే అన్నాడు."

ఇతలో సరే అనలేదు, అతనికి అసలు తెలియదు. తెల్లబోయి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

గుంపులోంచి ఎవడో, "నువ్వు ముట్టుకోకుండా ఉంటే అదే బాగవుద్ది!" అన్నాడు. నవ్వులు. ఆమె కూడా నవ్వింది.

ముందు క్వాలియా వచ్చాడు. ముసలివాడైపోయాడు. ప్లగ్గులు చూశాడు, కాయిల్ చూశాడు, పాయింట్లు సర్దాడు. మైదానం పక్క రోడ్డు మీద తోలించాడు. దగ్గింది. "ఏమో అమ్మాయీ, నాకు అందడం లేదు," అని తుడుచుకున్నాడు. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకాయన కార్బొరేటర్ విప్పి, ఊది, బిగించాడు. దగ్గింది.

ఒస్వాల్దో ఒక చేతిలో వైన్ గ్లాసుతో చూస్తున్నాడు. నేను అతన్నే చూస్తున్నాను. బండి మొదటిసారి దగ్గినప్పుడు అతని మొహం పాలిపోయింది. రెండోసారి దగ్గాక రంగు తిరిగి వచ్చింది. ఇంకో గ్లాసు తాగాడు. అతని బుర్రలో ఏం తిరిగిందో ఊహించడం కష్టం కాదు. ఇన్నేళ్లయినా గుడ్డ లోపలే ఉంది. ఇంకెవరైనా ట్యాంకు విప్పేలోపు తీసేస్తే పీడ పోతుంది. పైగా బండి వస్తుంది. ఒకప్పుడు ముసలివాడు ఇవ్వనన్న బండి.

"నేను చూస్తాను తల్లీ," అన్నాడు, గ్లాసు పక్కవాడికి ఇచ్చి.

"చూడు ఒస్వాల్దో. తీతో, మైకు పట్టుకుని ఇలా వచ్చి నిలబడు. ప్రెసిడెంటు గారు చేసేది అందరికీ చెబుతూ ఉండు."

బానెట్ ఎత్తలేదు. ఇంజను స్టార్ట్ చెయ్యమనలేదు. "ఒక తీగ ఉంటే ఇవ్వండి" అన్నాడు. తిన్నగా వెనక్కి వెళ్లి, ట్యాంకు మూత తిప్పి, తీగ చివర వంచి లోపలికి దింపాడు. నెలిదా నెల క్రితం ఎలా తిప్పిందో అలాగే తిప్పాడు. రెండో చెయ్యి మూతి మీద అడ్డం పెట్టుకున్నాడు. వచ్చింది వచ్చినట్టు పిడికిట్లో దాచేసుకుందామని.

ఏమీ రాలేదు. మళ్లీ దింపాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెమట కారి చొక్కా వీపుకి అంటుకుంది.

"ప్రెసిడెంటు గారు ట్యాంకులో చేపలు పడుతున్నారు!" అన్నాడు తీతో. జనం నవ్వారు.

నెలిదా అతని పక్కన కూర్చుంది, తీతో మైకు పట్టుకున్న చెయ్యి తన వైపుకి లాక్కుంటూ.

"ఏం వెతుకుతున్నావు?"

"పైపు మూతికి... అడ్డం పడి ఉంటుంది."

"ఏం అడ్డం పడి ఉంటుంది?"

"ఆ గుడ్డ. గుడ్డ ముక్క. ఇక్కడే ఉండాలి కదా..."

అతని గొంతు అతనికే స్పీకర్లోంచి వినబడింది. తీగ తిప్పడం ఆగిపోయింది.

"ఏ రంగు గుడ్డ?" అంది నెలిదా.

ఆమె యాప్రన్ జేబులోంచి బూడిదరంగు ముక్క తీసి అతని మోకాలి మీద పరిచింది, కొలతకి సరిపోతుందా అని చూసే దర్జీలాగ.

"గుడ్డ ఉందని నేను ఎవరికీ చెప్పలేదు ఒస్వాల్దో. ఒక్క ఎల్దాకే చెప్పా. మా తమ్ముడికి కూడా చెప్పలేదు. నీకెవరు చెప్పారు?"

మైదానంలో పొయ్యి మీద కొవ్వు చిటపటలాడటం వినబడింది. ఒస్వాల్దో లేవబోయి బండి రెక్క పట్టుకున్నాడు.

"ఎవరైనా ఊహిస్తారు... మామూలుగా జరిగేదే..."

క్వాలియా గుంపులోంచి ముందుకి వచ్చాడు. "యాభై ఏళ్ల నుంచి బండ్లు విప్పుతున్నాను. ఇంజను మాట వినకుండా తీగ పట్టుకున్నవాణ్ణి ఇవాళే చూశా." నెలిదా వైపు తిరిగాడు. "అప్పుడు ట్యాంకు చూడమని ఎవరూ అనలేదమ్మాయీ. నేనూ అనలేదు."

"తెలుసు," అంది. ఆయన్ని ఓదార్చలేదు.

ఒస్వాల్దో నడుచుకుంటూ మైదానం దాటాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ దారి కూడా ఇవ్వలేదు. మనుషుల మధ్య నుంచి భుజాలు రాసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. అతని భార్య మిర్తా, బల్ల మీద పెట్టిన సలాడ్ గిన్నె వదిలేసి వెనకే వెళ్లింది.

ఇతలో అక్కతో వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు మా బేకరీలోనే, నా ముందే మాట్లాడాడు.

"నాకు అనుమానం ఎప్పటి నుంచో ఉందక్కా. వాడే వచ్చి చెబుతాడని ఎదురుచూశా. ప్రతిసారీ భుజం తట్టేవాడు కదా, ఏదో ఒక రోజు ఆ చెయ్యి అక్కడే ఆగి, నోరు తెరుస్తాడనుకున్నా. ఇప్పుడు ఇంక చెప్పడు. నువ్వు మైకు పెట్టి గుంజేశావు."

"ఎంతకాలం ఎదురుచూసేవాడివి?"

"నా ఇష్టం. కాలు నాది."

"పేరు నాది," అంది నెలిదా. "నీ కాలు పోతే ఊరంతా నీకు కుర్చీ వేసింది. నాకు పాల క్యాన్లు ఇచ్చింది. నాన్న పోయేటప్పుడు నీ నుదుటి మీద ముద్దు పెట్టాడు. నన్ను క్షమించాడు. నీ ఎదురుచూపు కోసం నేను నోరు మూసుకోవాలా?"

ఇతలో కొన్న రొట్టె అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నేను పరిగెత్తి అందించాను.

చట్టం ప్రకారం ఏమీ కాలేదు, ఎప్పటి సంగతో కదా. కాని నెలిదాకి చట్టం అవసరం పడలేదు. ఆ గుడ్డముక్కని అద్దం వెనక బిగించి వర్క్‌షాపు ముందు గోడకి కొట్టింది. ట్రాక్టర్ల షాపుకి వెళ్లాలంటే ఆ గోడ ముందు నుంచే వెళ్లాలి. కింద ఒక్క అక్షరం రాయలేదు. కొత్తవాళ్లు ఇదేంటని అడిగితే ఓపిగ్గా, మొదటి నుంచి, పేర్లతో సహా చెప్పేది. ఒస్వాల్దో క్లబ్బు వదిలేశాడు. మా బేకరీకి రావడం మానేశాడు. రైతులు ట్రాక్టరు భాగాల కోసం పక్క ఊరికి పోవడం మొదలుపెట్టారు. అతను వీధిలో కనిపిస్తే పిల్లలు, "ఏ రంగు గుడ్డ?" అని అరిచి పారిపోయేవారు.

చలికాలంలో మిర్తా వచ్చింది. వర్క్‌షాపులోకి కాదు, ముందు నా దగ్గరికి. నేనే తోడుగా తీసుకెళ్లాను.

"ఆ గోడ మీదది తీసెయ్ నెలిదా," అంది. "నేను చెయ్యలేదు కదా. నాకు తెలియను కూడా తెలియదు. ఆయన రాత్రిళ్లు నిద్రపోడు, నన్ను నిద్రపోనివ్వడు. ఇంక చాలదా?"

నెలిదా చేతులు తుడుచుకుని ఆమెకి కుర్చీ వేసింది. మాతే ఆకుల టీ కలిపి ఇచ్చింది. మిర్తా తాగేదాకా ఆగింది.

"నీ మీద నాకేమీ లేదు మిర్తా. నీ బండి ఆగితే తీసుకురా, బాగుచేస్తా. అది మాత్రం తియ్యను."

"ఎప్పటిదాకా?"

"నన్ను చూసి ఊరు ఎన్నాళ్లు నవ్విందో నువ్వూ చూశావు. నువ్వూ నవ్వావు, ఒకసారి, మాంసం కొట్టు దగ్గర. నేను అక్కడే ఉన్నా."

మిర్తా గ్లాసు కింద పెట్టి లేచింది. నాకు ఆ రోజు నెలిదా మీద కోపం వచ్చింది. అదే మాట ఆమెతో అన్నాను. "వస్తే రానీ," అంది.

వసంతం రాకముందే వాళ్లు షాపు అమ్మేసి కూతురి దగ్గరికి కోర్దోబా నగరానికి వెళ్లిపోయారు. సామాన్ల లారీ వెళ్తున్న ఉదయం నెలిదా వర్క్‌షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. లారీ వెనక కారులో ఒస్వాల్దో కిటికీ వైపు తల తిప్పలేదు. దుమ్ము సద్దుమణిగాక ఆమె రోడ్డు దాటి వచ్చి, వేడి క్రియోజో కొవ్వురొట్టెలు ఉన్నాయా అంది. నిలబడే నాలుగు తింది.

"చల్లారిందా?" అన్నాను.

"కొంచెం," అంది, వేళ్లకి అంటుకున్న కొవ్వు నాకుతూ. "వాడు పోయిన చోట ఎవరికీ తెలియదు కదా, అదే బాధ."

గోడ మీది గుడ్డ ఈ రోజుకీ అక్కడే ఉంది. ఎండకి రంగు వెలిసింది.

వానకోయిలకి ఆమె మంచి గొట్టం వేసింది. తరవాత పెడళ్లు విప్పి, యాక్సిలరేటర్‌ని ఎడమ పక్కకి మార్చింది. ఎందుకో నాకు చెప్పలేదు, ఇతలోకీ చెప్పలేదు. బండి తాళం మాత్రం, ఇతలో తేనె తీసుకుని వచ్చిన రోజున అతని సీసాల బుట్టలో పడేసింది. నెల పైన ఆ తాళం అతని దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం చెక్కకాలు ఈడ్చుకుంటూ వచ్చి, బండి ఎక్కి వెళ్లాడు. నేనూ నెలిదా రోడ్డు మీద నిలబడి విన్నాం. గోదాము వైపు నుంచి ఇంజను శబ్దం సన్నగా మొదలై, పెరిగి, పెరిగి, ఎక్కడా తెగకుండా దూరమైపోయింది.

తిరిగి వచ్చి బండి దిగకుండానే అద్దం దించాడు.

"మూడో గేరులో ఏదో మోగుతోందక్కా."

"మోగుతుంది," అంది నెలిదా. "దిగు, చూస్తా."